ఆమోదించిన సూర్యుడు

మా ఎండీగారు ఆమోదించిన సూర్యుడు వేరు, ఫైనల్లో ఉదయించిన సూర్యుడు వేరు. గొడవంతా అక్కడ మొదలైంది.

ముందుగా మా సంస్థ గురించి రెండు ముక్కలు చెప్పాలి. గెడ్డల మీద, అంటే వాగుల మీద, వంతెనలు కట్టడం, కట్టిన వంతెనల గురించి వీడియోలు తీసి జనానికి చూపించడం మా పని. వంతెనలు కట్టడానికి కృపానందంగారని ఒక ఇంజనీరు, ఆయనకో పాత జీపు ఉన్నాయి. వీడియోలు తియ్యడానికి మేడ మీద అంతస్తు మొత్తం ఉంది. ఆ అంతస్తుకి సూపరింటెండెంటుని నేను. సర్క్యులర్లు రాయడంలో చెయ్యి తిరిగినవాణ్ణని నాకు పేరు. నేను రాసిన సర్క్యులరు చదివి, అర్థమైందన్నవాడు ఇంతవరకు లేడు.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. వంతెన కంటే ముందు వంతెన వీడియో పూర్తవ్వాలి. వంతెనకి ఆలస్యమైతే వాన పడిందనో ఇసుక రాలేదనో చెప్పుకోవచ్చు. వీడియోకి ఆలస్యమైతే ఏం చెప్పుకుంటాం? అందుకని ముసిరిగెడ్డ మీద వంతెనకి ఇంకా ఒక శ్లాబు మిగిలి ఉండగానే ప్రారంభోత్సవం వీడియో మొదలుపెట్టాం. గెడ్డకి పడమటి ఒడ్డున టౌను, తూర్పు ఒడ్డున రేగులపాడు. టౌను వైపు నుంచి కట్టుకుంటూ వెళ్లారు కనక మిగిలిన శ్లాబు రేగులపాడు వైపుది. దాన్ని కంప్యూటర్లో వేసేశాం. దాని మీద నడిచే జనాన్ని కూడా అందులోనే వేశాం.

వేసింది మా కాంట్రాక్టు ఎడిటరు హైమావతి. ఆ పిల్లది రేగులపాడే. తండ్రి లచ్చుమయ్యకి కిడ్నీలు పాడైపోయాయి. వారానికి రెండుసార్లు టౌన్లో పెద్దాసుపత్రికి తీసుకొచ్చి డయాలసిస్ చేయించాలి. గెడ్డలో నీళ్లు తగ్గినప్పుడు దిగి నడిచి వస్తారు. నీళ్లున్నప్పుడు ఆటో కట్టించుకుని హైవే చుట్టూ తిరిగి రావాలి. డయాలసిస్ అయిన మనిషి పిండి ఆరేసిన గుడ్డలా ఉంటాడు. ఆ స్థితిలో గతుకుల రోడ్డు మీద అన్ని మైళ్లు వెనక్కి తిరగాలి. వంతెన పూర్తయితే ఇంటి నుంచి బయల్దేరి, చెమట పట్టేలోగా ఆసుపత్రిలో ఉండొచ్చు. అందుకేనేమో హైమావతి ఆ వీడియోని ఆఫీసు పనిలా కాక పెళ్లివారింటి ముగ్గులా వేసింది. రేగులపాడు వెనక నుంచి సూర్యుడు లేస్తాడు. జనం వంతెన మీద నడుస్తూ ఉంటారు. నీలం చొక్కా వేసుకున్న మనిషొకడు సైకిలు తొక్కుకుంటూ ఊరి నుంచి టౌను వైపు వస్తాడు.

వీడియో పూర్తిగా తయారు చెయ్యకముందు ఎండీగారి గదిలో దాని ప్రివ్యూ వేశాం. మా ఎండీ పరాంకుశంగారు మామూలుగా కూర్చున్నా సభలో కూర్చున్నట్టే ఉంటారు. కంప్యూటరు తెర మీద సూర్యుడు లేచాడు. లేచి, ఆకాశంలో సగం ఆక్రమించాడు. ఆ వెలుగులో రేగులపాడు ఒడ్డు, ఆఖరి శ్లాబు కరిగిపోయాయి. వంతెన మీద నీలం చొక్కా సైకిలు ఒక్కటే ఆగుతూ ఆగుతూ వస్తోంది.

"దివ్యంగా ఉన్నది," అన్నారు ఎండీగారు. "ఈ సూర్యుణ్ణి నేను ఆమోదిస్తున్నాను." సంతకం కూడా పెట్టారు.

నాలుగు రోజుల తర్వాత మీటింగు హాల్లో పెద్ద తెర మీద ఫైనల్, అంటే పూర్తయిన వీడియో, వేశాం. సూర్యుడు లేచాడు. మామూలు సూర్యుడు. మీ ఇంటి మీద, మా ఇంటి మీద ఉదయించే సైజు. వెలుగు తగ్గేసరికి రేగులపాడు ఒడ్డు కనిపించింది, ఆఖరి శ్లాబు కనిపించింది, ప్రివ్యూలో లేని జనం తట్టలూ బుట్టలూ పెట్టుకుని బిలబిలమంటూ వంతెనెక్కారు. వాళ్లందరికీ నీడలు కూడా ఉన్నాయి.



"ఈ జనానికి ఆమోదం ఎవరిచ్చారు?" అని అడిగారు ఎండీగారు.

మర్నాడే సంఘం వేశారు. పూర్వదృశ్య తుదిదృశ్య వ్యత్యాస నివారణ సంఘం అని పేరు పెట్టింది నేనే. ఎండీగారు అధ్యక్షులు, కృపానందంగారు సభ్యులు, నేను కన్వీనరుని. మొదటి సమావేశంలో సంఘం పేరు చదివి టీ తాగాం. రెండో సమావేశానికి హైమావతిని పిలిపించాం.

"సూర్యుడు ఏ పరిస్థితులలో తగ్గెనో సంఘానికి వివరించుము," అన్నారు ఎండీగారు.

"తగ్గలేదు సార్. మన కంప్యూటరు పాతది. పూర్తి బొమ్మని ఆడించలేదు. అందుకని ప్రివ్యూలో బొమ్మని బాగా కుదించి చూపిస్తుంది. సూర్యుడి చుట్టూ వెలుగు ఇన్ని చుక్కల మేర, అదే ఇన్ని పిక్సెళ్ల మేర, పరుచుకోవాలని నేను పెట్టాను. చిన్న బొమ్మలో అన్ని చుక్కలంటే సగం ఆకాశం నిండిపోతుంది. ఫైనల్లో బొమ్మ పెద్దది, చుక్కలు మాత్రం అన్నే. అంచేత చిన్నగా కనబడ్డాడు."

"మరి జనం?"

"బరువెక్కువై కంప్యూటరు ఆగిపోతోందని ప్రివ్యూలో సైకిలు మనిషిని ఒక్కణ్ణి ఉంచి, మిగతా జనాన్ని, నీడల్ని ఆపి ఉంచాను సార్. ఫైనల్లో వాటంతటవే వచ్చేస్తాయి."

"నాతో చెప్పకుండా వచ్చేస్తాయా?"

హైమావతి కాస్త తడబడింది. "కూర దించే ముందు అరచేతిలో ఓ చుక్క వేసుకుని ఉప్పు చూస్తాం కద సార్. ప్రివ్యూ అంటే అంతే."

"చుక్కకి ఆమోదం నేనిచ్చాను. గిన్నెడు కూరకి ఎవరిచ్చారు?"

 నాకు ఎండీగారి మీద గౌరవం రెట్టింపయింది. ఇన్నేళ్ల సర్వీసులో కూరని ఆ కోణంలోంచి చూసిన అధికారి నాకు తగల్లేదు.

"సాంకేతికంగా చూస్తే..." అని మొదలుపెట్టారు కృపానందంగారు. ఎండీగారి ముందు ఆయన ఏ మాటైనా అలాగే మొదలుపెడతారు. ఎప్పుడూ పూర్తి చెయ్యరు. అదీ ఆయన వంతెనల్లాంటిదే.

ఎండీగారు తీర్మానం చెప్పారు, నేను దాన్ని సర్క్యులరుగా రాసుకున్నాను. "అధికారిక ఆమోదమునకును వాస్తవమునకును నడుమ వ్యత్యాసము సంభవించినచో, దోషము వాస్తవమునదిగా భావించవలెను. వ్యత్యాసములన్నింటికిని మూలకారణము ఫైనల్ అని సంఘము కనుగొన్నది. కావున నేటి నుండి ఈ సంస్థయందు ఫైనల్ రద్దు చేయబడినది."

నిజం చెప్పొద్దూ, అది రాస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. ఎన్నో పనులు మధ్యలో ఆపేసిన సంస్థ మాది. ఆపడానికి ఒక సిద్ధాంతం దొరకడం అదే మొదలు.

ఆ నెలలో జరిగిన ఉత్సవాల్లో వీడియోల్ని ప్రివ్యూలోనే వేశాం. తెర మీద బొమ్మ కంటే చుట్టూ బటన్లు ఎక్కువ కనిపించేవి. బాణం గుర్తు అటూ ఇటూ తిరిగేది. మధ్యమధ్య బొమ్మ ఆగిపోతే, జనం లేచి వెళ్లిపోకుండా నాదస్వరం వాయించేవారు. సూర్యుడు మాత్రం హాలంతా నిండిపోయేవాడు. ముందు వరసల్లో కూర్చున్న పెద్దలు నల్ల కళ్లద్దాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

అక్కడితో ఆగితే ఆ సర్క్యులరుకి నేను రాసిన భాషే దండగ. అందులో "ఈ సంస్థయందు" అని ఉంది గాని "వీడియోలయందు" అని లేదు. కృపానందంగారు దాన్ని రెండుసార్లు చదువుకుని, ముసిరిగెడ్డ దగ్గర పని ఆపించేశారు. ఆఖరి శ్లాబుకి ఇనుం కట్టి ఉంది, సిమెంటు బస్తాలు దింపి ఉన్నాయి. కాని ఆమోదించిన బొమ్మలో ఆఖరి శ్లాబు లేదు. అక్కడ వెలుగు ఉంది.

"వెలుగు పోయడం నాకు రాదండీ," అన్నారాయన నాతో, ఎంతో ప్రశాంతంగా. ఆ మనిషి మొహంలో అంత నిశ్చింత నేనెన్నడూ చూడలేదు.

ఆ సాయంత్రం హైమావతి నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడింది.

"సార్, వానలు మొదలైపోయాయి. గెడ్డ నిండిపోయింది. నాన్నని మళ్లీ ఆటోలో చుట్టూ తిప్పి తేవాల్సి వస్తోంది. మొన్న తిరిగొచ్చేటప్పుడు దార్లో కళ్లు తేలేశాడు సార్. ఒక్క శ్లాబు. దానికోసం ఎన్నాళ్లు చూశామో మీకు తెలుసు."

"నేనేం చేసేదమ్మా? నువ్వు సూర్యుణ్ణి కాస్త తగ్గించి పెట్టుకుని ఉంటే ఈపాటికి శ్లాబు పడిపోయేది."

అనకుండా ఉండాల్సింది.  తన చేత్తో, తన ఊరి మీద ప్రేమ కొద్దీ పెట్టిన వెలుగే తన ఊరి దారికి అడ్డం పడిందని ఆ పిల్లకి అప్పుడే తెలిసినట్టుంది. ఆ మొహం చూడలేకపోయాను. మనసు కుదుటపడ్డానికి అప్పటికప్పుడు ఓ చిన్న సర్క్యులరు రాసుకున్నాను.

మర్నాడు నేనే ఆమెని పక్కకి పిలిచి ఒక మాట చెవిన వేశాను. సాయం చేద్దామని కాదు. ఉన్న సంగతి చెప్పానంతే. ఎండీగారికి సూర్యుడు ఇంకా చాలటం లేదు. పైవాళ్లు వచ్చినప్పుడు చూపించడానికి మరింత పెద్దది కావాలని రెండుసార్లు అన్నారు.

వారం తిరక్కుండా హైమావతి కొత్త ప్రివ్యూ పట్టుకొచ్చింది. సూర్యుడు పెరగాలంటే చోటు కావాలి కదా. అందుకని అతన్ని రేగులపాడు మీంచి లేపి నడినెత్తి మీదికి తెచ్చింది. ఆకాశంలో నీలమన్నది మిగల్లేదు. కింద మాత్రం వంతెన ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా, ఆఖరి శ్లాబుతో సహా, గీత గీసినట్టు కనిపిస్తోంది. ఎండీగారు కిందికి చూడలేదు.

"ఇది కదా సూర్యుడంటే!" అని సంతకం పెట్టేశారు.

ఆమోదించిన బొమ్మలో శ్లాబు ఉంది కనక కృపానందంగారు నిట్టూర్చి, ఆ నెలలోనే శ్లాబు పోయించారు. హైమావతి ఆఫీసంతటికీ జంగ్రీలు పంచింది. నేను రెండు తిన్నాను. తిని, బాధ్యత గల ఉద్యోగిని కనక, కొత్త ప్రివ్యూని మరోసారి వేసుకుని చూశాను. అందులోనూ జనం లేరు. అంత సూర్యుణ్ణి మొయ్యడంతోనే ఆ కంప్యూటరు పని అయిపోయింది. పాపం, జనాన్ని ఎక్కడ మోస్తుంది? వంతెన మీద నీలం చొక్కా వేసుకున్న మనిషి ఒక్కడే సైకిలు మీద టౌను వైపు వస్తున్నాడు.

ఈ సంగతి ఎండీగారికి నివేదించింది నేనే. దాచుకోవడం దేనికి? ఆదేశాలు గంటలో వచ్చాయి. ఆమోదిత పూర్వదృశ్యమునకు లోబడి వంతెనపై ఒకసారికి ఒక వ్యక్తి మాత్రమే, నీలిరంగు చొక్కా ధరించి, సైకిలుతో సంచరించవలెను. సైకిలు టౌనుకి అభిముఖముగా ఉండవలెను.

సంస్థ తరఫున ఒక నీలం చొక్కా కొన్నాం. సైజు అందరికీ పట్టాలని పెద్దది తీసుకున్నాం. రెండు కొనమన్నారు కొందరు. రెండుంటే ఇద్దరెక్కే ప్రమాదం ఉందని సంఘం తోసిపుచ్చింది. సైకిలు మాత్రం రేగులపాడు వాళ్లే తెచ్చుకున్నారు. వంతెన దగ్గర అప్పలసూరి అనే వాచ్‌మన్‌ని పెట్టాం. ప్రివ్యూలోని బొమ్మని అట్ట మీద అంటించి అతని చేతికిచ్చాం. ఉద్యోగమంటే ప్రాణం పెట్టే మనిషి. బొమ్మ ఒకసారి, మనిషిని ఒకసారి, మళ్లీ బొమ్మ ఒకసారి చూసి గాని వదిలేవాడు కాదు.

ఊరి నుంచి టౌనుకి రావడం బాగానే ఉండేది. తిరిగి వెళ్లడమే తంటా. సైకిలు మొహం టౌను వైపే ఉండాలి, మనిషి మొహమూ టౌను వైపే ఉండాలి. అంచేత ఊరికి తిరిగి వెళ్లేవాళ్లు హ్యాండిలు పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ వెళ్లేవారు. పాలవాళ్లు, కూరగాయల వాళ్లు, బడిపంతుళ్లు, అందరూ అలాగే. చొక్కా అవతలి ఒడ్డున ఉండిపోతే, అటునుంచి ఎవరో ఒకరు వచ్చేదాకా ఇటువాళ్లు కూర్చుని ఉండాలి. కొత్త పెళ్లికూతురు పట్టుచీర మీద నీలం చొక్కా తొడుక్కుని, వెనక్కి నడుస్తూ అత్తారింటికి వెళ్లింది. పెళ్లికొడుకు చొక్కా కోసం గంటసేపు ఇవతల ఒడ్డున కూర్చున్నాడు.

ఆ ఏర్పాటు ఎలా నడుస్తోందో తనిఖీ చెయ్యడానికి ఒకరోజు నేను వెళ్లాను. అప్పుడే లచ్చుమయ్యకి డయాలసిస్ అయింది. హైమావతి అతన్ని రిక్షాలో వంతెన దాకా తెచ్చింది. పెద్దాయన మొహంలో నెత్తురు లేదు. చొక్కా తొడిగి, సైకిలు చేతికిచ్చింది.

"నేను కూడా పక్కనే నడుస్తాను సూరిమావా. పడిపోతాడు," అంది వాచ్‌మన్‌తో.

అప్పలసూరి అట్ట చూశాడు. "ఒక్కరే ఉన్నారమ్మా బొమ్మలో. నానేటి సెయ్యగలను? నా ఉజ్జోగం ఊడిపోద్ది."

లచ్చుమయ్య నవ్వాడు. "పర్లేదులేవే. ఎనక్కి నడిస్తే ఇంకో సుకం ఉంది. ఇల్లు దగ్గరవుతంటే నాకు కనపడదు, నువ్వు దూరమవుతంటే కనపడతావు."

అలా అని, సైకిలు మీద ఒళ్లంతా ఆనించి, ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ వెళ్లాడు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. ఆగినప్పుడల్లా హైమావతి ఈ ఒడ్డున చీరచెంగు నోట్లో కుక్కుకుంది. అతను ఆ ఒడ్డు చేరేదాకా నేనూ కదల్లేకపోయాను. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీలేదు. సర్క్యులరులో నా సంతకమూ ఉంది కనక ఆ కోపాన్ని అక్కడితో ఆపుకున్నాను.

ఆపుకుని మళ్లీ డ్యూటీలో పడ్డాను. తర్వాత వారం పొద్దుటిపూట తనిఖీకి వెళితే లచ్చుమయ్య ఊరి నుంచి వస్తున్నాడు. వీపు మీద ఎండ, ముందర వంతెన మీద బారెడు నీడ. ప్రివ్యూలో నీడల్లేవు. మెమో ఇచ్చాను. వంతెనపై అనధికారికముగా నీడ పరచినందుకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో తెలుపవలసినది.

"నాను తీసుకురాలేదు బాబూ," అన్నాడు లచ్చుమయ్య, మెమో రెండు చేతుల్తో పట్టుకుని. "అదే నాకన్నా ముందొచ్చేసింది."

సంజాయిషీ సంతృప్తికరంగా లేదని ఫైల్లో రాశాను.

ఇలా ఉండగా ప్రారంభోత్సవం రోజు వచ్చింది. శిలాఫలకం, వేదిక, షామియానా అన్నీ రేగులపాడు ఒడ్డున. ఎండీగారు పొద్దున్నే టౌను ఒడ్డున కారు దిగారు. తెల్ల పంచె, తెల్ల లాల్చీ, భుజాన జరీ కండువా. వెనక ఫొటోలవాళ్లు. వంతెన మీద అడుగు పెట్టబోతుంటే అప్పలసూరి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవరనుకున్నావయ్యా?" అన్నాను నేను కంగారుపడి.

"పెద్దబాబుగారే. తెల్సు," అన్నాడు అప్పలసూరి. అట్ట చూశాడు, ఎండీగారిని చూశాడు, మళ్లీ అట్ట చూశాడు. "బొమ్మలో తమరు లేరు బాబూ."

అదే సమయానికి లచ్చుమయ్య ఆసుపత్రికని ఊరి నుంచి వచ్చి, సైకిలు దిగి, చొక్కా విప్పాడు. చెమటకి తడిసి ముద్దయి ఉంది. అప్పలసూరి దాన్ని ఒకసారి దులిపి, ఎంతో వినయంగా ఎండీగారి ముందు పట్టుకున్నాడు. వెనక్కి ఎలా నడవాలో కూడా రెండడుగులు వేసి చూపించాడు.

ఎండీగారు నా వైపు తిరిగారు. "ఏమిటిది?"

"తమరి ఆదేశమే సార్," అన్నాను. నా గొంతులో ఉన్నది గర్వమో భయమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

 ఆదేశాన్ని కాదనడం ఆయన పద్ధతి కాదు. "హైమావతి ఎక్కడ? నన్ను ప్రివ్యూలో పెట్టించండి. ఇక్కడే ఆమోదిస్తాను," అన్నారు.

తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి హైమావతి అక్కడే ఉంది. వేడుక కోసమని ఆఫీసు కొత్తగా కొన్న లాప్‌టాప్ కూడా ఉంది. కారు బానెట్ మీద పెట్టి తెరిచింది.

"ఎక్కడ పెట్టమంటారు సార్?"

"నడిమధ్యన. రేగులపాడు వైపు తిరిగి, కుడిచెయ్యి ఎత్తి, జనానికి అభివాదం చేస్తూ ఉండాలి. మొహం మీద సూర్యకాంతి పడాలి."

"జనాన్ని పెట్టనా సార్?"

"జనం లేకుండా అభివాదం ఎవరికి చేసేది? నింపు!"

"ఏ రంగు బట్టలు?"

"ఏవైనా పెట్టవమ్మా! త్వరగా కానీ!"

"ఎటు నడుస్తున్నట్టు పెట్టమంటారు? ఊళ్లోకా, టౌన్లోకా?"

"ఎటైనా నడవనీ!"

"నీడలు పెడితే బరువెక్కి ఆగిపోతుంది సార్..."

"నీడలతో మనకేమి పని?"

ప్రివ్యూ వేసింది. ఎండీగారు తనని తాను చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. వంతెన నడిమధ్యన చెయ్యెత్తి నిలబడ్డ ఆ తెల్ల లాల్చీ మనిషి నిజంగానే బాగున్నాడు. చుట్టూ జనం గులాబీ చీరల్లో, గళ్ల లుంగీల్లో, అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు. ఎండీగారు కాగితాన్ని నా వీపు మీద పెట్టుకుని సంతకం చేశారు.

కొత్త బొమ్మ అప్పలసూరికి అందింది. చూశాడు. చెయ్యి తీసేశాడు. రెండు ఒడ్డులా పోగై ఉన్న జనం ఒక్కసారిగా వంతెనెక్కారు. అందరూ ముందుకే నడుస్తున్నారు. ఊరి వైపు వెళ్లేవాళ్లలో కొందరు అలవాటు పోక మధ్యలో టౌను వైపు తిరిగి, నాలుగడుగులు వెనక్కి వేసి, నవ్వుకుని, మళ్లీ సరిగ్గా నడిచారు. హైమావతి తండ్రి చెయ్యి పట్టుకుని ఆసుపత్రి వైపు వెళ్లిపోయింది.

ఎండీగారు మెల్లగా నడిచి మధ్యకి చేరారు. రేగులపాడు వైపు తిరిగి చెయ్యెత్తారు. ఫొటోలవాళ్లు ఫొటోలు తీశారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన చెయ్యి దించబోయారు.

"బాబూ, సెయ్యి," అన్నాడు అప్పలసూరి.

"ఏమిటి?"

"దించీకండి బాబూ. బొమ్మలో ఎత్తే ఉంది."

ఎండీగారు ఎత్తిన చేత్తోనే వేదిక వైపు అడుగు వేశారు. అప్పలసూరి ముందుకొచ్చి నిలబడ్డాడు. "కదిలిపోతే తేడా వచ్చేస్తాది బాబూ. తేడా వస్తే తప్పు మనదేనని తమరే కదా సెప్పేరు."

ఆయన నన్ను పిలిచారు. నేను లాప్‌టాప్ పట్టుకెళ్లి, ప్రివ్యూతో ఆయన్ని సరిచూశాను. అప్పలసూరి అన్నది నిజమే. ప్రివ్యూ మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా ఎండీగారు అక్కడే ఉన్నారు, చెయ్యి పైనే ఉంది. ఆ మాటే చెప్పాను.

"ఇది ప్రివ్యూ కదయ్యా! ఫైనల్ తియ్యండి! వెంటనే ఫైనల్ తియ్యండి!" అని అరిచారాయన. తొలిసారి ఆయన గొంతులో మామూలు మనుషుల కంగారు విన్నాను.

"ఫైనల్ రద్దయింది సార్."

"అయితే మళ్లీ ఉన్నదని రాయి. నేను సంతకం పెడతాను."

రాశాను. కాగితం అందించాను. ఆయన కుడిచెయ్యి పైకెత్తి ఉంది. ఎడమచేత్తో పెట్టారు. మా ఆఫీసు రికార్డులో ఉన్న సంతకంతో పోల్చి చూస్తే ఎక్కడా కలవలేదు. అంత పెద్ద హోదా మనిషికి ఫోర్జరీ సంతకం అంటగట్టడం నాకు చేతకాలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. కృపానందంగారు ఎండీగారి కింద ఉన్న స్తంభాన్ని వంగి చూసి, "సాంకేతికంగా చూస్తే బలంగానే ఉంది సార్," అన్నారు. అలా మొదలుపెట్టిన వాక్యాన్ని ఆయన పూర్తి చెయ్యడం అదే మొదటిసారి.

అప్పట్నుంచీ ఎండీగారు అక్కడే ఉన్నారు. ఫైళ్లు అక్కడికే తీసుకెళ్లి చదివి వినిపిస్తున్నాం. గొడుగు పట్టించుదామని నాకు అనిపించింది గాని, ప్రివ్యూలో గొడుగు లేదు. అప్పలసూరి ఒప్పుకోలేదు. ఆమోదించిన సూర్యుణ్ణి అందరూ మర్చిపోయారు. వంతెన మీద ఇప్పుడు కాసేది మామూలు సూర్యుడే. సైజు చిన్నదే. ఎండ మాత్రం మండిపోతోంది.

మొన్న పొద్దున్న ఫైళ్లు పట్టుకుని నేనక్కడే ఉన్నాను. లచ్చుమయ్య ఊరి నుంచి డయాలసిస్‌కి వస్తున్నాడు. కూతురి భుజం మీద చెయ్యి వేసుకుని, తన సొంత తెల్ల చొక్కాలో, టౌను వైపు మొహం పెట్టుకుని నడుస్తున్నాడు. ఎండీగారి ఎదురుగా వచ్చేసరికి ఆగాడు. హైమావతి "పద నాన్నా, టైమైపోతుంది," అంది.

"ఉండవే. పాపం, మొకమంతా ఉడికిపోతంది ఆ బాబుకి," అన్నాడు లచ్చుమయ్య.

అని, సూర్యుడికి వీపు పెట్టి, కాస్త పక్కకి జరిగి, తన నీడ సరిగ్గా ఎండీగారి మొహం మీద పడేటట్టు చూసుకుని, ఆ నిలబడలేని మనిషి కాసేపు అలాగే నిలబడ్డాడు. ఎండీగారు కళ్లు మూసుకున్నారు.

ప్రివ్యూలో నీడల్లేవు. ఆ సంగతి నేను గమనించాను. మెమో రాయలేదు.